నలభై ఒకటో పేజీ

నా రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. బడికి వెళ్ళాల్సిన ఈడులో నేను పట్టుపురుగులకు ఆకు కోశాను. తరవాత నేర్చుకుందాం అనుకునేసరికి ప్రభుత్వం వారు అక్షరాలే మార్చేశారు. అరవై మూడో ఏట మొదలుపెట్టాను కాబట్టి నాకు ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. మధ్యలో పాలు పొంగితే రెండు పూటలు. ఇంకో సంగతి. "నేను" అని రాయబోతే నా చెయ్యి సిగ్గుపడి ఆగిపోతోంది. అందుకని నా గురించి కూడా "ఉల్మసోయ్" అనే రాస్తాను, పక్కింటావిడ గురించి చెప్పినట్టు. పక్కింటావిడ గురించైతే ఎంతసేపైనా చెప్పగలను.

ఆ మంగళవారం ఉల్మసోయ్ ఉమాచ్ కోసం పిండి రుద్దుతోంది. వెడల్పాటి చెక్కపళ్ళెంలో గోధుమపిండి పరిచి, వేళ్ళు ఉప్పునీళ్ళలో ముంచి చిలకరించి, రెండు అరచేతుల మధ్య రుద్దుతూ ఉంటే పిండి ఆవగింజంత పలుకులుగా విడిపోతుంది. నీళ్ళు ఒక్క చుక్క ఎక్కువైతే ముద్ద, తక్కువైతే దుమ్ము. ఆ పలుకుల్ని ఉల్లిపాయ వేయించి పోసిన నీళ్ళలో వేసి కాస్తే మంగళవారం బీబీకి, అంటే ఆడవాళ్ళ మొక్కులు వినే పుణ్యాత్మురాలికి, పెట్టే జావ అవుతుంది. ఆ జావ ఆడవాళ్ళే వండాలి, ఆడవాళ్ళే తినాలి. మొగవాడు కంటితో చూడకూడదు. పాలు తాగే మొగబిడ్డనైనా ఆ పూట పక్కింట్లో పడుకోబెట్టి వస్తారు. మా వీధి హమ్రో ఆపా అయితే గండుపిల్లిని కూడా చీపురుతో గోడ దాటించి గానీ కూర్చోదు.

ఉల్మసోయ్‌కి ఎదురుగా గుల్చెహ్రా కూర్చుని ఉంది. ఫెర్గానాలో చదువుకునే అమ్మాయి. మతాచారాల్లో ఆడవాళ్ళు ఏం చేస్తారు, ఏం చెబుతారు అన్నది ఆమె చదువు. మర్గిలాన్‌లో మా వీధికి రావడం అది మూడో మంగళవారం. సంచీలోంచి పుస్తకం తీసింది, కలం తీసింది, చివరికి అరచేతి వెడల్పున్న నల్లపెట్టె ఒకటి తీసి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద రొట్టెల పక్కన పెట్టింది.

"ఇదేంటమ్మాయీ?" అంది హమ్రో.

"టేపురికార్డరు ఆపా. మా దొమ్లా, అదే మాకు చదువు చెప్పే పెద్దాయన, ఇచ్చి పంపారు. మీ మాటలన్నీ దీన్లో పడతాయి. ఆయన అక్కడ కూర్చుని వింటారు."

"అంటే ఇది ఆయన చెవి."

"ఒకరకంగా అంతే."

"మొగాడి చెవి," అని హమ్రో అందరి మొహాలూ చూసింది.

అందరూ మస్తూరా ఆతిన్ వైపు తిరిగారు. ఆతిన్ అంటే ఆడవాళ్ళకు ప్రార్థనలు చదివి, బీబీ కథ చెప్పే పెద్దమనిషి. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తీర్పు చెప్పేముందు ఆవిడ ఎప్పుడూ కళ్ళజోడు తుడుచుకుంటుంది.

"చూడకూడదని ఉంది, తినకూడదని ఉంది. వినకూడదని ఎక్కడా లేదు," అంది ఆతిన్.

"విన్నవాడు ఊరుకుంటాడా ఆతినాయ్? ఏం వండారంటాడు. ఎలా ఉందంటాడు. రేపు గిన్నె పట్టుకుని వస్తాడు."

ఆతిన్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "కోడిగంప కింద పెట్టండి," అంది.

పెట్టారు. ఆ క్యాసెట్టులో గంటన్నరసేపు కోడి ఒక్కటే మాట్లాడిందని తరవాత తెలిసింది.

గుల్చెహ్రా చేత్తోనే రాసుకుంది. ఆతిన్ కథ చెప్పింది. సవతితల్లి దగ్గర ఉండే అనాథపిల్ల, దూది తిని నూలు ఇచ్చే ఆవు, గుహలో ముసలమ్మ. సవతితల్లి ఆవుని కోయించేసే చోటికి వచ్చేసరికి గుల్చెహ్రా కలం ఆపి, తలెత్తి, ఒక్కొక్కరి మొహం జాగ్రత్తగా చూడడం మొదలుపెట్టింది. హమ్రో ఆవలించింది. ఉల్మసోయ్ గరిటె తిప్పుతోంది. ఇద్దరు ముసలమ్మలు కిస్‌మిస్‌లో పుల్లలు ఏరుతున్నారు. కథ అయిపోయింది. మూల పెట్టిన పిండిగిన్నె మీది గుడ్డ తీసి చూస్తే, చదునుగా ఉన్న పిండి మీద కోడికాలు లాంటి గుర్తు పడి ఉంది. బీబీ వచ్చి వెళ్ళిందని అందరూ మొహాలు చేత్తో తడుముకున్నారు. జావ తాగారు. గిన్నెలు ఖాళీ అయ్యాక గుల్చెహ్రా అడిగింది.

"మరి మీరు ఏడ్చేదెప్పుడు?"

"ఎందుకేడవాలి?" అంది హమ్రో. "ఉప్పు సరిపోయిందిగా."

గుల్చెహ్రా సంచీలోంచి ఇంకో పుస్తకం తీసింది. అట్ట మీద మనిషి బొమ్మ లేదు, పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది. ఆ పెట్టె ఇచ్చి పంపిన తోలిబ్‌జాన్ దొమ్లా రాసిన పుస్తకం అది. నలభై ఒకటో పేజీ తెరిచి చదివింది.

"ఆవు వధ ఘట్టం రాగానే స్త్రీలందరూ పొయ్యి వైపు తిరిగి, తలగుడ్డల అంచులతో కళ్ళు ఒత్తుకొనుచు సామూహికంగా రోదిస్తారు. ఇది ప్రాచీన అగ్ని ఆరాధనకు శేషము."

పొయ్యి దగ్గరున్న ఉల్మసోయ్ ఒకసారి పొయ్యిలోకి చూసింది. పత్తికట్టె బొగ్గులు తప్ప ఏమీ కనపడలేదు. ముసలమ్మలు నవ్వారు. హమ్రో నవ్వి నవ్వి పక్కామె భుజం మీద పడిపోయింది.

గుల్చెహ్రా నవ్వలేదు. "మూడు వారాలుగా నేను ఏడుపు లేదని రాస్తున్నాను. దొమ్లా రెండుసార్లు తిప్పి పంపించారు. నువ్వు పట్నం పిల్లవి కాబట్టి నీ దగ్గర దాచారు, నేను కళ్ళారా చూశాను అంటారు. శుక్రవారం సభలో ఆయన నా రాత మీద సంతకం పెట్టకపోతే ఇంకో ఏడాది ఆగాలి. మా అత్తగారు ఈ వసంతం వరకే ఒప్పుకున్నారు. తరవాత రొట్టెల కొట్టులో కూర్చోవాలి."

కిస్‌మిస్ ఏరే చేతులు ఆగిపోయాయి.

"ఏడిస్తే సంతకం పెడతాడా?" అంది ఉల్మసోయ్.

"పెడతారు."

"అయితే ఏడుద్దాం. మన సొమ్మేం పోయింది?"

మళ్ళీ మంగళవారం దాకా ఆగే వీలు లేదు. బుధవారం ఏడిస్తే తప్పేమో అని ఆతిన్‌ని అడిగారు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, బుధవారం బీబీ రాదు కాబట్టి ఎవరు ఏడ్చినా ఎవరికీ పట్టదు అని చెప్పింది.

బుధవారం పొద్దున్నే పొయ్యి వెలిగించారు. ఉల్మసోయ్ ఊరికే కూర్చోలేక పిండి పళ్ళెం ముందేసుకుంది. అందరి నమ్మకం హమ్రో మీదే. చావు ఇళ్ళల్లో ముందు నిలబడి ఏడ్చే మనిషి ఆమె. ఆమె గొంతెత్తితే చచ్చినవాడి అప్పులవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటారు. ఆతిన్ కథ ఆవు దాకా తెచ్చింది. "కోసేశారు," అంది. అందరూ హమ్రో వైపు చూశారు.

హమ్రో గుండె మీద చెయ్యి వేసుకుంది. నోరు తెరిచింది. మూసింది.

"ఎవరిదమ్మా ఆవు?" అంది.

"అనాథపిల్లది."

"పేరేంటి?"

"పిల్లకే పేరు లేదు, ఆవుకేం పేరు?"

"పేరు లేకుండా ఎలా ఏడుస్తారు? చావింట్లో ముందు నేను పేరు కనుక్కుంటాను. ఏం తినేవాడు, ఎవరి మీద అరిచేవాడు, అన్నీ కనుక్కుంటాను. ఈ ఆవు మొహమే నాకు తెలీదు."

"దూది తినేది," అని గుర్తుచేసింది ఆతిన్.

హమ్రో మళ్ళీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "దూది తినే నా తల్లీ," అని రాగం ఎత్తింది. ఎత్తగానే ఒక ముసలమ్మకి నవ్వొచ్చింది. ఆమెను చూసి రెండో ఆమెకి. ఉల్లిపాయ తెచ్చి కోశారు. కళ్ళలో నీళ్ళైతే వచ్చాయి గానీ నవ్వు ఆగలేదు. ఉల్మసోయ్ పిండిచేత్తో కళ్ళు తుడుచుకుంటే రెప్పల మీద పిండి ముద్ద కట్టింది. అది చూసి ఆతిన్ కూడా పుస్తకం మూసేసి నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వగా మా వీధిలో ఎవరూ చూసి ఉండరు.

గుల్చెహ్రా కూడా నవ్వింది. నవ్వి, రాసుకునే పుస్తకం ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"నేనిది రాయలేను ఖాలా. ఏడ్చారు అని రాస్తే ఎందుకేడ్చారో రాయాలి. నా కోసమని రాయాలి. అది దొమ్లా ఒప్పుకోరు."

"మరి ఆయన ఎప్పుడు చూశాడట?" అంది ఉల్మసోయ్.

గుల్చెహ్రా పుస్తకం తిరగేసింది. "అరవై రెండో సంవత్సరం చలికాలం. మర్గిలాన్. రచయిత స్వయంగా పరిశీలించినది."

"వాడి వయసెంత అప్పటికి?" అంది హమ్రో.

గుల్చెహ్రా వేళ్ళ మీద లెక్క చూసింది. "ఆరేళ్ళు."

"లోపల మొగపిల్లాడున్నాడన్నమాట," అని హమ్రో చీపురు కోసం చుట్టూ చూసింది, ఆ పిల్లాడు ఇంకా ఏ మూలో ఉన్నట్టు.

పిండి రుద్దుతున్న ఉల్మసోయ్ చేతులు ఆగిపోయాయి. "ఇంకా ఏం రాశాడు? ఆ పేజీలోనే?"

గుల్చెహ్రా చదివింది. "అందరిలోకీ చిన్నదైన స్త్రీని అందరిలోకీ పెద్దదైన స్త్రీ ఆచారపూర్వకంగా దూషిస్తుంది. 'నీ చేతులు పడిపోను, నీ పుట్టింట్లో ఇదేనా నేర్పింది' అను ఈ దూషణ నిజమునకు సంతానప్రాప్తికై చేయు ఆశీర్వచనమని మా అభిప్రాయము. దీనిపై వచ్చే మూడు పేజీలలో చర్చిస్తాము."

ఉల్మసోయ్ పళ్ళెం పక్కకి జరిపింది.

"రొహత్ బువీ అనే ముసలమ్మ ఇంట్లో జరిగింది అది. చిన్నదాన్ని నేనే. పందొమ్మిదేళ్ళు, పెళ్ళై రెండు నెలలు. నన్ను పత్తికట్టె తెమ్మన్నారు. ఎండినది లోపలుంది, నాకు తెలీదు. మంచులో తడిసిన మోపు తెచ్చి పొయ్యిలో పెట్టాను. ఇల్లంతా పొగ. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. మా అత్త నా పుట్టింటి దాకా వెళ్ళి తిట్టింది. అది ఆశీర్వాదమని నలభై మూడేళ్ళ తరవాత తెలిసింది. ముందే తెలిస్తే ఆవిడ మీద అన్నేళ్ళు కోపం పెట్టుకునేదాన్ని కాదు."

హమ్రో ఈసారి నిజంగానే ఏడ్చింది, నవ్వలేక.

"ఈ మాట నేను చెబితే, ఎక్కడ అచ్చయ్యింది అంటారు," అంది గుల్చెహ్రా. "ఆయనది అచ్చయ్యింది. మీ పొగ అచ్చు కాలేదు."

"నువ్వెందుకు చెప్పడం? శుక్రవారం నేనొచ్చి చెబుతాను."

ఒక్క సంగతి మాత్రం ఆమె ఆ పూట ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం ఉల్మసోయ్ పట్టుగౌను మీద మఖ్మల్ చొక్కా వేసుకుంది. పెనిమిటి పోయాక పెట్టెలోంచి తీయని చొక్కా అది. వ్యానులో ముందు సీటు దొరికితే, మడతలు పడకుండా ఫెర్గానా దాకా నిటారుగా కూర్చుంది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. పొగ అనాలి. తడి పత్తికట్టె అనాలి. మా అత్త నోటికి అగ్ని ఆరాధన తెలీదు, అగ్గి తప్ప, అనాలి. ఈ చివరిది ఆమెకు బాగా నచ్చి రెండుసార్లు పైకే అంది. డ్రైవరు రేడియో తగ్గించాడు.

గేటు దగ్గర కాపలామనిషి ఆపాడు.

"ఎవరు కావాలి ఖాలా? వంటపనివాళ్ళు వెనక వైపు నుంచి రావాలి."

"సభకొచ్చాను."

"పేరుందా జాబితాలో?"

"నేను నలభై ఒకటో పేజీలో ఉన్నాను," అంది ఉల్మసోయ్.

అతను జాబితా తిరగేశాడు. అది రెండు పేజీలే ఉంది. అన్ని పేజీల జాబితా ఇంకెక్కడో పెద్దవాళ్ళ దగ్గర ఉండి ఉంటుందనుకుని తలుపు తీశాడు.

గదిలో బల్లకు ఆ వైపు ఏడుగురు మొగవాళ్ళు టోపీలు సర్దుకుంటూ కూర్చున్నారు. గోడకు పెద్ద గుడ్డ కట్టారు. దాని మీద "మతాచారాలలో స్త్రీ స్థానం" అని ఉందని గుల్చెహ్రా చెప్పింది. ఉల్మసోయ్ స్త్రీ కోసం వెతికింది. ఒకామె తలుపు పక్కన టీ కెటిల్ దగ్గర నిలబడి ఉంది. ఇంకో ఆమె గుల్చెహ్రా. మూడో ఆమె తనే. ఆమెకు వెనక వరసలో కాలు ఊగే కుర్చీ దొరికింది.

గుల్చెహ్రా లేచి చదివింది. మొదట తొందరపడింది, ఉమాచ్ రుద్దే చోట కుదుటపడింది. ఉల్మసోయ్ కళ్ళు మూసుకుని వింది. నీళ్ళు ఎన్ని చుక్కలు, పలుకు ఎంత ఉండాలి, గండుపిల్లిని ఎవరు తరుముతారు, అన్నీ ఉన్నాయి. చదవడం అయ్యాక నడిమధ్యన కూర్చున్న తోలిబ్‌జాన్ దొమ్లా కళ్ళజోడు పైనుంచి చూశాడు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, మెల్లటి గొంతు.

"రోదన ఏది?"

"నేను చూడలేదు దొమ్లా."

"నేను చూశాను."

"నేను చూడనిది రాయలేను," అంది గుల్చెహ్రా.

దొమ్లా కలం మూత పెట్టేశాడు. మిగిలిన ఆరుగురూ మూతలు పెట్టేశారు. "ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అన్నాడు, లేవన్నట్టు.

ఉల్మసోయ్ లేచింది. మఖ్మల్ చొక్కా కిందకి లాక్కుంది. నోరు తెరిచింది. పొగ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే దొమ్లా టీ గిన్నె కోసం ఎడమచెయ్యి చాపాడు. ఆ చేతి వెనక, బొటనవేలు నుంచి మణికట్టు దాకా, చర్మం నున్నగా మెరుస్తోంది.

ఆమె దారంతా కూర్చుకున్న మాటలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏమిటి ఖాలా మీ ప్రశ్న?" అన్నాడు దొమ్లా.

"ప్రశ్న ఉంది దొమ్లా. కానీ నలుగురిలో అడిగేది కాదు. బయటికి రండి."

బల్ల వెనక ఎవరో చిన్నగా నవ్వారు. దొమ్లా చిరాగ్గా లేచి, టీ తాగడానికి పది నిమిషాలు ఇచ్చి, ఆమె వెనక వసారాలోకి వచ్చాడు.

"చెప్పండి."

"చెయ్యి నయమైంది. మచ్చ మిగిలిపోయింది," అంది ఉల్మసోయ్.

ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "చిన్నప్పుడు తందూరు మీద పడ్డాను."

"తందూరు కాదు తోలిబ్‌జాన్. గరిటె. బొంతల దొంతర వెనక నక్కి, పొగలో ఎవరికీ కనపడకుండా వచ్చి కళాయిలో గరిటె పెట్టావు. ఒలికి చేతి మీద పడింది. నిన్ను పెరట్లోకి ఎత్తుకెళ్ళి పుల్లపెరుగు రాసింది నేను. కేక వెయ్యకుండా నా తలగుడ్డ కొరికావు. ఆ చిరుగు ఇప్పటికీ ఉంది."

దొమ్లా వసారా అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఎవరికైనా చెప్పారా?" అన్నాడు. ఆ గొంతు యాభై ఏళ్ళ మనిషిది కాదు.

"చెబితే మీ అవ్వ రొహత్ బువీ నీ చెవులు ఉండనిచ్చేదా? నాకేమో ఇంకో ఆశీర్వచనం దొరికేది."

ఆయన ఆమె మొహంలోకి మొదటిసారి సరిగ్గా చూశాడు. "ఆ చిన్న స్త్రీ..."

"నలభై ఒకటో పేజీ. నేనే. నిన్ను తిట్టడానికి రాలేదు. ఆ రోజు తిట్టింది మా అత్త, తడి కట్టె తెచ్చానని. కళ్ళు తుడుచుకున్నది పొగకి. ఆ పిల్ల చూసింది చూసినట్టు రాసింది. అంతే చెప్పాలని వచ్చాను."

దొమ్లా గోడకి ఆనుకున్నాడు. లోపల టీ గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"ఆవు కోసం కాదా?"

"కాదు నాయనా."

"ఒక్కరు కూడానా?"

"మా అందరికీ ఆ కథ పాలతోపాటు పోశారు. మాకు కొత్తేముంది?"

ఆయన కళ్ళజోడు తీశాడు. "నేను బొంతల వెనక నుంచి వినడం అదే మొదటిసారి. ఆవుని కోసేశారు అని ఆవిడ అనగానే నాకు ఆగలేదు. బయటికి చూస్తే అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. హమ్మయ్య, ఆడవాళ్ళూ దీనికే ఏడుస్తున్నారు అనుకున్నాను. మా ఇంట్లో మొగపిల్లలు ఏడిస్తే ఒప్పుకునేవారు కాదు. నెల రోజులు గొడ్డుమాంసం ముట్టలేదు. దెబ్బలు కూడా తిన్నాను."

ఉల్మసోయ్ ఆ చేతిని జేబులోంచి బయటికి తీసి, తిప్పి చూసింది, పెరుగు సరిగ్గా పట్టిందో లేదో చూసినట్టు. తరవాత వదిలేసింది.

"జావ నోట్లోకి పోయిందా ఆ రోజు?" అంది.

"పోలేదు. ముందే ఒలికిపోయింది."

"అయితే ఏ తప్పూ లేదు. వెళ్ళి సంతకం పెట్టు."

సభ మళ్ళీ కూర్చుంది. దొమ్లా కలం మూత తీశాడు. మిగిలిన ఆరు మూతలూ ఊడాయి. "అధ్యాయం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది," అన్నాడు. "అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క మాట చేర్చాలి. నేను చెబుతాను, రాసుకో." ఆయన గొంతు బాగా తగ్గించి చెప్పాడు. గుల్చెహ్రా రాసుకుంటూ మధ్యలో ఒకసారి తలెత్తి ఆయన్ని చూసింది, మళ్ళీ రాసుకుంది. సంతకం పడింది.

"ఏం రాయించాడు?" అని గేటు దగ్గర ఉల్మసోయ్ అడిగింది.

"అచ్చయ్యాక తెచ్చిస్తాను. మీరే చదువుకోండి ఖాలా."

"నాకు చదువు రాదు కదే."

"అచ్చుకి ఏడాది పడుతుంది," అంది గుల్చెహ్రా. "బోలెడంత టైముంది."

పుస్తకం పద్నాలుగు నెలలకి వచ్చింది. తెచ్చింది గుల్చెహ్రాయే, మంగళవారం చూసి. ఉల్మసోయ్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, పేజీ అడుగున వేలు పెట్టింది. హమ్రో పొయ్యి ఎగదోయడం ఆపేసింది. ఆతిన్ కళ్ళజోడు తుడుచుకుంది. ఒక్కో అక్షరం, ఒక్కో మాట, ఉల్మసోయ్ పైకే చదివింది. ఉమాచ్ చల్లారేదాకా చదివింది.

"అరవై రెండు నాటి కన్నీళ్ళు తడి పత్తికట్టె పొగవల్ల వచ్చినవి. ముందరి పుస్తకంలో దీనిపై రాసిన మూడు పేజీలూ కొట్టివేయవలెను. ఆ రోజు ఆవు కోసం ఏడ్చినవారు ఒక్కరే. వయసు ఆరేళ్ళు. అక్కడ ఉండదగనివారు."

గోడ మీద గండుపిల్లి వచ్చి కూర్చుంది. హమ్రో అలవాటుగా చీపురు అందుకుంది, ఉల్మసోయ్ వైపు చూసింది, చీపురు మళ్ళీ కింద పెట్టింది.

"దానికి వెనక్కి తిరిగి కూర్చోమని చెప్పండి," అంది ఆతిన్.

ఉల్మసోయ్, డెబ్బై ఒక్కేళ్ళు. మర్గిలాన్‌లో పాత పట్టు బజారు వెనక వీధిలో ఉండేదాన్ని. ఇప్పుడు ఫెర్గానాలో మా అమ్మాయి దగ్గర, మూడో అంతస్తులో ఉంటున్నాను. ఇక్కడ పొగ లేదు.